పిట్టకు పెట్టిన శుక్రవారం

విభూది బుధవారం నాడు నొసట బూడిదతోటి గుడి నుంచి వచ్చేసరికి అంజిలన్న కోళ్ళ షెడ్డు ముందర కుర్చీ వేసుకొని కూర్చున్నడు. చేతిలో సెల్లు ఉన్నది. కోళ్ళు పట్టే పొద్దు అది. కాంటా తుడిచి పెట్టి ఉన్నది, ఖాళీ బోనులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నయి. లారీ మాత్రం రాలేదు.

"ఏం జోజప్పా, మీ దేవుడు గూడ బూడిద పెట్టుడు షురూ చేసిండా? ఇగ మా శివునికీ ఆయనకూ ఫరక్ ఏమున్నది?" అన్నడు.

"మీ శివుడు ఏడాదంత పెట్టుకుంటడు అన్నా. మాకు ఇయ్యాల్ల ఒక్కనాడే" అన్న నేను.

నవ్విండు గానీ ఆ నవ్వు మూతి దాటలేదు. "లారీ రాదంట. మహారాష్ట్రల కోళ్ళకు రోగమొచ్చిందని టీవీల చూపెడుతున్నరు. పట్నంల ఎవ్వడు కోడి ముడుతలేడంట."

"మన కోళ్ళకేమైంది? మంచిగున్నయి గదా."

"నేను గూడ గదే అడిగిన. టీవీల మీ కోడి ఏదో వాళ్ళ కోడి ఏదో రాసి ఉంటదా అంటడు కోళ్ళు కొనే సేటు."

మొయినాబాద్ నుంచి చేవెళ్ళ పోయే రోడ్డు దిగి జర లోపలికి పోతే అంజిలన్న షెడ్లు ఉండేవి. అవి చూసుకునేది నేను. దాణా గోదాము పక్కన రెండర్రలు ఇచ్చిండు. నేను, నా భార్య శాంతమ్మ, చేవెళ్ళల ఇంటర్ చదివే మా బిడ్డ జెన్నీ ఆ అర్రల్లోనే ఉండేది. మాకు వేరే ఇల్లు లేదు. హైటెక్ సిటీ కంపెనీల పైసలు మా రోడ్డు పట్టిన కాలం అది. శుక్రవారం సాయంత్రమైతే ఫామ్‌హౌసులకు పోయే కార్లు రోడ్డు దాటనిచ్చేవి కావు. చుట్టుపక్కల చేన్లల్ల జొన్నకు బదులు ప్లాట్లకు తెల్ల రంగేసిన హద్దు రాళ్ళు మొలిచినయి. అంజిలన్న ఒక్కడే అమ్మలేదు. కొడుకు జగదీశ్ మాదాపూర్ కంపెనీల పని చేస్తూ, వారం వారం వచ్చి, అమ్ముదాం బాపూ అని అడిగేటోడు. "కోళ్ళు నడిచినన్ని దినాలు నడువనీ" అని ఒకటే మాట చెప్పేది అంజిలన్న.

ఆ కోళ్ళు ఇప్పుడు ఆగిపోయినయి.

మా ఊరిల క్రైస్తవులు చానమంది ఉన్నరు గానీ కతోలికులం మా ఒక్క ఇల్లే. విభూది బుధవారంతోటి తపస్సు కాలం వచ్చిందంటే నలభై రోజులు మా ఇంట్ల మాంసం వండరు. కోడిగుడ్డు గూడ ముట్టం. గుడ్డు మీద నియమం ఎవరూ పెట్టలేదు. అది మా అమ్మ నాటి అలవాటు. శుక్రవారాలు ఒక్కపొద్దు. శాంతమ్మ తమ్ముడు గిద్యోను వేరే సంఘంల ఉంటడు. ఆయనకు ఇదంతా నవ్వులాట.

"కోళ్ళ నడుమ ఉండుకుంట కూరగాయలు తినేటోన్ని నిన్నే చూసిన బావా. గంగల ఉండి దూపకు సచ్చినట్టున్నది" అనేటోడు.

"దూప కొరకే ఉంటున్న రా. నీకు సమజు కాదు" అంటే, "సమజు చెయ్యి మరి" అనేటోడు. సమజు చెయ్యనీకె నాకు గూడ పూర్తిగ తెల్వదు. ఆకలి అయినప్పుడు దేవుడు యాదికొస్తడని మా అమ్మ చెప్పింది. నాకు ఆకలైనప్పుడు ఎక్కువసార్లు అన్నమే యాదికొచ్చేది. అయినా ఒక్కపొద్దు ఉండేది.

వారం దాటింది, రెండు వారాలు దాటినయి. లారీ రాలేదు. అమ్ముడుపోవాల్సిన కోళ్ళు తిని తిని బరువెక్కి నడువలేక కూలబడేటియి. ఎండలు ముదిరినయి. దాణా తగ్గించినం. ఆకలికి ఒకదాన్నొకటి పొడుసుకోబట్టినయి. పొద్దున షెడ్డు తలుపు తీస్తే వాసన గుప్పుమనేది. ముందుగాల చచ్చినవాటిని ఏరుడే నా పని. రోగం ఒక్కదానికి గూడ రాలేదు. అదే ఎవరికీ చెప్పుకోలేని సంగతి.

అప్పుడు జగదీశ్ ఒక ఉపాయం తెచ్చిండు. చుట్టుపక్కల షెడ్లోళ్ళందరు కలిసి చేవెళ్ళ చౌరస్తాల శామియానా వేసి, కోడికూర వండి, వచ్చినోళ్ళందరికి ఉత్తగ పెట్టాలె. కోళ్ళ నడుమ బతికేటోళ్ళే మైకు ముందర కూర్చొని తినాలె. జనం చూసి ధైర్యం తెచ్చుకుంటరు.

"పెద్ద పెద్ద లీడర్లు తింటే ఎవరు నమ్ముతరు కాకా? నువ్వు తింటే నమ్ముతరు" అన్నడు నాతోటి. కంపెనీ కార్డు ఇంకా మెడలనే ఉన్నది.

"ఎన్నడు బిడ్డా?"

"ఈ శుక్రవారం."

నేను అంజిలన్న దిక్కు చూసిన. ఆయన నేల దిక్కు చూసిండు. "నీకు నియమమున్నదని నాకెరుకనే జోజప్పా. అడుగొద్దనే అనుకున్న" అన్నడు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు. అనకపోవుడే నాకు బరువైంది.

మరునాడు సైకిల్ మీద గుడికి పోయిన. ఫాదర్ గులాబీ మొక్కలకు నీళ్ళు పోస్తున్నడు. ఆయనది కోస్తా దిక్కు. అంతా విని పైపు పక్కన పడేసిండు.

"మాంసం మానడం తిరుసభ పెట్టిన నియమం జోజప్పా. దాన్ని నేను సడలించగలను. కూలిపోయేవాడికి చెయ్యి అందించమన్నది దేవుడు పెట్టిన నియమం. దాన్ని సడలించే అధికారం నాకు లేదు. వెళ్ళి తిను."

"పాపం కాదా ఫాదర్?"

"కాదు. బదులుగా ఇంకొక మంచి పని చెయ్యి."

"ఏం చెయ్యాలె?"

"అది కూడా నేనే చెప్పాలా?" అని నవ్విండు.

మనసు తేలికైంది. ఇంటికొచ్చి చెప్తే శాంతమ్మ బియ్యం ఏరుకుంట విన్నది. "ఫాదర్ చెప్పినంక ఇగేమున్నది. తిను. నేనైతే తినకపోదును" అన్నది. కోపం లేదు. ఉన్నమాట చెప్పింది.

శుక్రవారం నాడు చౌరస్తాల ఇసుక పోస్తే రాలని జనం. డేగిశల్ల కూర ఉడుకుతుంటే వాసన బస్టాండు దాకా పోయింది. జగదీశ్ మైకుల చెప్పిండు. "వీళ్ళు రాత్రింబగలు కోళ్ళ మధ్యల ఉండేటోళ్ళు. మా జోజప్ప కాకకు ఏళ్ళ కెల్లి జ్వరం గూడ రాలే. సూడుండ్రి, మీ ముందరనే తింటడు."

నేను సిలువ గుర్తు వేసుకొని ముక్క తీసుకున్న. అలవాటు కొద్ది వేసుకున్న. అదే అందరి కండ్లల్ల పడ్డది.

ముందటి వరసల మా ఊరి చాయ్ హోటల్ భిక్షం ఉన్నడు. "అరే! జోజప్ప తింటున్నడేందిరో! ఒక్కపొద్దులల్ల గుడ్డు గూడ ముట్టడు గదా!" అని అరిచిండు.

"శుక్రారం పూట! ఎంత ముట్టజెప్పిన్రే జోజన్నా?" అన్నరు ఇంకెవరో. నవ్వులు లేసినయి.

"దేవున్నే పక్కకు పెట్టినోడు కోళ్ళ సంగతి నిజం చెప్తడా?"

నోట్ల ముక్క ఉన్నది. ఉమ్మలేను, మింగలేను. ఆఖరికి మింగిన. ఇంకొకటి తిన్న. ప్లేటు ఖాళీ చేసిన. ఫాదర్ సెలవిచ్చిండని మైకుల చెప్తే బాగుండునని ఇప్పుడనిపిస్తది గానీ, ఆ నవ్వుల్ల ఎవరు వింటరు? నేను నియమం తప్పననే పేరే నన్ను అబద్ధాలోన్ని చేసింది. ఉత్తగొచ్చిన కూరను జనం డేగిశ అడుగు గీకి తిన్నరు. తెల్లారి చికెన్ దుకాణాల ముందర ఒక్కడు నిలబడలేదు.

ఖాళీ డేగిశలు ట్రాలీ ఆటోల వేసుకొని వాపసు వస్తుంటే అంజిలన్న నా పక్కన కూర్చున్నడు.

"ఇయ్యాల్ల నీతోటి తప్పు చేయించిన" అన్నడు.

"తప్పు లేదన్నా. మా ఫాదర్ సెలవిచ్చిండు."

"సెలవిస్తె పోతదా? మొక్కు మొక్కే."

"ఇది మొక్కు గాదన్నా. మా తాన ఉండే నియమం."

"ఏదైతేంది. దేవునికి చెప్పి పట్టినవ్. నడుమల ఇడిసినవ్. నా కోసం ఇడిసినవ్." జారుతున్న డేగిశను జరుపుకుంట, "మా తాన ఒగలు పట్టలేకపోతె ఇంటోళ్ళు ఇంకొగలు పడతరు. బాకీ ఉంచం" అన్నడు.

నేను దాన్ని మాటవరసకు అన్నడనుకున్న. జెన్నీ కాలేజీ నుంచి ఏడ్సుకుంట వచ్చింది ఆ సాయంత్రం. వాళ్ళ నాయిన పైసలకు తిన్నడని తోటి పిల్లలు అన్నరంట. ఆ రంధిల అంజిలన్న మాట మరిచిన.

తర్వాతి దినాలు ఒకదాని లెక్కనే ఒకటి గడిచినయి. అడిగినోళ్ళకల్లా కోళ్ళు ఉత్తగ ఇచ్చినం. అడిగెటోళ్ళు గూడ తక్కువైనరు. వెంచర్లు చదును చేసే జేసీబీ ఒకటి దొరికితే షెడ్డు వెనక గుంత తవ్వించిండు జగదీశ్. మిగిలినవాటిని అందుల వేసినం. అందులన్ని చచ్చినయి కావు. ఆ సంగతి ఇంతకంటె రాయలేను.

అంజిలన్న చిక్కిపోయిండు. సాయంత్రం కల్లు మానేసిండు. చాయ్ ఇస్తే, "వద్దు తమ్మీ, మంట లేస్తది" అనేటోడు. కోళ్ళ రంధి అనుకున్న. పొద్దుగూకే యాళ్ళకు వచ్చి మా అరుగు మీద కూర్చొని ఏదో ఒకటి అడిగేది.

"మీ పొద్దులు ఎన్ని దినాలుంటయి?"

"పాస్కా పండుగ, గదే ఈస్టర్ దాకా అన్నా."

"పగటిపూట ఏం తినరా?"

"శుక్రవారాలు ఒక్కపూట తింటం. తక్కిన రోజులు మాంసం ముట్టమంతే."

"మంచినీళ్ళు?"

"తాగుతం. మా అమ్మయితె నీళ్ళు గూడ ముట్టకపోయేది. పొద్దు గూకినంకనే గొంతు తడుపుకునేది. అసలు పొద్దంటే ఆమెదే అన్నా. మాది ఏం పొద్దు" అన్న. అమ్మ గురించి చెప్పుకునే సంబురంల అన్న. అది పాస్కా ముందరి మంచి శుక్రవారం, గుడ్ ఫ్రైడే ఒక్కనాటి సంగతని చెప్పలేదు. చెప్పాల్సినంత పని నాకు కనబడలేదు.

ఆయన తల ఊపి ఇంటికి పోయిండు. ఆయనకు షుగర్ ఉన్నది. పొద్దుగాల గోలీ వేసుకుంటడు. అది నాకు ఎరుకనే.

మట్టల ఆదివారం నాడు గుడి చుట్టు ఈత మట్టలు పట్టుకొని తిరిగి, పూజ ముగించుకొని ముగ్గురం ఇంటికొచ్చినం. గేటు కాడికి రాంగనే అంజిలన్న భార్య సుక్కమ్మ వదినె కేక వినపడ్డది. నీళ్ళ హౌజు పక్కన పడి ఉన్నడు అంజిలన్న. ఒళ్ళంత చెమట. ముంత పక్కన నిండుగనే ఉన్నది. అందులో నీళ్ళు ముట్టుకోలేదు. గిద్యోను ఆటో తెచ్చిండు. నేను తల ఒడిలో పెట్టుకున్న. మొయినాబాద్ దాకా ఆయన కండ్లు తెరవలేదు, అక్కడి నుంచి పట్నం దవాఖానకు తీసుకపోయినం.

డాక్టరు బయటికొచ్చి, "షుగర్ పూర్తిగ పడిపోయింది. ఏం తిన్నడు?" అని అడిగిండు.

"ఏం తింటలేడు సారూ. పొద్దంత పచ్చి మంచినీళ్ళు ముడుతలేడు. పొద్దుగూకినంక ఇంత గటక తాగుడు, అంతే" అన్నది సుక్కమ్మ వదినె.

"ఎందుకమ్మా?" అన్నడు అప్పుడే దవాఖానకు చేరిన జగదీశ్.

ఆమె నా దిక్కు చేయి చూపెట్టలేదు. కండ్లు గూడ ఎత్తలేదు. "జోజప్ప పొద్దులు మీ నాయిన నెత్తినేసుకున్నడు బిడ్డా. నా కొరకు ఇడిసిండు, నేను పూర్తి చేస్త అన్నడు. చెప్పొద్దని ఒట్టు పెట్టిండు."

జగదీశ్ నన్ను చూసిండు. తిడుతడనుకున్న, తిడితె బాగుండు. "ఎవరి పొద్దులు ఎవరు పట్టిన్రు కాకా?" అన్నడు మెల్లగ. గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నడు.

మళ్ళ తెలివి రానేలేదు. బుధవారం తెల్లారెసరికి పోయిండు. అదే దినం వాగు ఒడ్డున కాష్టం పేర్చినం. నేను ఒక కట్టె వేసిన.

జపమాల చేతిల పట్టుకుంటె పూసలు కదులుతున్నయి గానీ జపం రాలేదు. ఒకని ఒక్కపొద్దు ఇంకొకడు పట్టవచ్చునా? ఒకడు అందరి కోసం సిలువ మోసిండని నేను ఏటా సిలువ మార్గంల మోకాళ్ళ మీద చెప్తనే ఉన్న. చెప్పినప్పుడు నాకు సంబురమే అయ్యేది. నా వంతు నిజంగ ఒకడు మోసి పడిపోతె, సంబురపడే తొవ్వ దొరకలేదు.

మూడొద్దులు మంచి శుక్రవారం నాడు పడ్డది. మా దిక్కు మూడోనాడు, పోయినోనికి ఇష్టమైనవి వండి కాష్టం కాడ ఆకుల పెడతరు. పిట్ట ముట్టాలె. ముడితె ఆయన తిన్నట్టు.

పొద్దు పొడువంగనే సుక్కమ్మ వదినె మా తలుపు కొట్టింది. లోపలికి రమ్మంటె రాలేదు.

"మీ పొద్దులు ఎన్నడు ఇడుస్తరు మరిదీ?"

"ఎల్లుండి తెల్లారి, వదినె. పాస్కా నాడు."

"మరి ఆయన ఇడువకముందే పాయె. కోడికూర అంటె పానం ఇడిసేటోడు. ఇయ్యాల్ల పిట్టకు కోడి పెట్టాల్నా, వద్దా? పెడితె ఆయన పట్టింది చెడుతదా? పెట్టకపోతె కడుపు మాడుతదా? మా పెద్దలను అడిగితె, గది వాళ్ళ పొద్దు, వాళ్ళనే అడుగు అన్నరు."

ఫాదర్‌ను అడిగి వస్త అనబోయిన. అడిగితె ఆయన మాత్రం ఏం చెప్తడు? చదివిన జ్ఞానోపదేశంల ఇసొంటి ప్రశ్న లేదు.

"పెట్టు వదినె. ఆయనవి అయిపోయినయి" అన్న.

"నిజంగ?"

"నిజంగనే. నేను చెప్తున్న గదా."

షెడ్లు ఖాళీ అయినప్పుడు తప్పించుకున్నవి ఒకటి రెండు మోటరు కాడ తిరుగుతున్నయి. ఒకదాన్ని నేనే పట్టి కోసి ఇచ్చిన. ఏడాదిల ఆ ఒక్క దినం నేను కత్తి ముట్టేది కాదు.

వాగు ఒడ్డుకు పోయేసరికి మిట్టమధ్యాహ్నమైంది. విస్తరాకుల అన్నం, కోడికూర, గారెలు, పక్కన సీసాల కల్లు పెట్టి అందరం దూరం జరిగి కూర్చున్నం. ఎండ నెత్తి మీద నిప్పులు పోస్తున్నది. మా గుళ్ళె సిలువను ముద్దు పెట్టుకునే పొద్దు అది. శాంతమ్మ, జెన్నీ పోయిన్రు. ఆ దినం గంట కొట్టరు. టైమెంతయిందో చెప్పేది ఏదీ లేదు. కాకులు తుమ్మ చెట్టు మీదనే ఉన్నయి. కిందికి దిగలేదు.

"ఏదో మనసుల పెట్టుకున్నడు. మాట ఇయ్యుండ్రి" అన్నరు పెద్దలు.

జగదీశ్ లేచి చేతులు జోడించిండు. "బాపూ, జాగ అమ్ముకోను. అమ్మను మంచిగ అర్సుకుంట" అన్నడు. కాకులు కదలలేదు. వానకాలం రాకముందే ఆ జాగల తెల్లరాళ్ళు పాతిన్రు, మేము చేవెళ్ళల కిరాయికి చేరినం. ఆ పొద్దు మాత్రం పిల్లగాడు నిజంగనే అన్నడు. కండ్లల్ల నీళ్ళున్నయి.

సుక్కమ్మ వదినె చెల్లె చెప్పింది, అంజిలన్న అల్లుడు చెప్పిండు. పిట్ట రాలేదు. అప్పుడు వదినె నన్ను చూసింది. "నువ్వు చెప్పు."

అందరు నా దిక్కు తిరిగిన్రు. లేచిన. పొద్దటి నుంచి నీళ్ళు తాగలేదు. నాలుక అంగిట్ల అంటుకున్నది. "అన్నా, నా పొద్దులు నేనే పడత. నీకు పుణ్యముంటది. నువ్వు తిను" అన్న. ఇంకేం అనాలెనో తెల్వక కూర్చున్న.

కొద్దిసేపటికి ఒక కాకి దిగింది. ఆకు చుట్టు ఒకపారి నడిచింది. మెడ వంచి ముక్కు పెట్టి ఎగిరిపోయింది. "ముట్టింది, ముట్టింది" అని అందరు బట్టలు దులుపుకొని లేచిన్రు. జగదీశ్ ముఖం కడుక్కోనీకె వాగులకు దిగిండు.

ఆకు తీయనీకె సుక్కమ్మ వదినె, నేను దగ్గరికి పోయినం. ఒక మూలకు అన్నం మెతుకులు చెదిరి ఉన్నయి. కూర పెట్టింది పెట్టినట్టే ఉన్నది. ఒక్క ముక్క గూడ కదలలేదు.

ఆమె వంగి ఆ ఆకును చేతికి తీసుకున్నది.

"అయిపోయినయంటివి గదా మరిదీ" అన్నది.